వెనక్కి తిరగని కెమెరా

మా నాయన చేతికి గేమ్ కంట్రోలర్ ఇచ్చిన రోజు అందరితో పాటు నేనూ నవ్వాను. ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను. ఇక్కడినుంచి నేను ఎవరిని ఎంత తిట్టినా, నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నానని మీకు గుర్తుండాలి.

మాది వాకాడు వైపు సముద్రం ఒడ్డున ఒక ఊరు. నాయన మీసాలు రాని వయసునుంచి వేటకు పోతున్నాడు. నేను చదువుకుని నెల్లూరులో ఒక చిన్న వీడియో గేముల కంపెనీలో చేరాను. ఆటలో మనుషులు పలికే మాటలు రాయడం నా పని. మా డైరెక్టర్ పెద్ద నగరం నుంచి వచ్చిన మనిషి, మర్యాదస్తుడు, ఎప్పుడూ గొంతు పెంచడు. మన తీరంలో చేపల వేట మీద ఒక ఆట చేద్దామని ఆయన అన్నప్పుడు నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. మా నాయనను పిలిచి సలహాలు అడుగుదామన్నది నేనే. ఆటలో దారి చెప్పే ముసలి జాలరి గొంతు కూడా ఆయనదే ఉండాలని పట్టుబట్టింది నేనే. "నీ సముద్రాన్ని నీ కళ్ళతో చూపిస్తాం నాయనా" అని మాటిచ్చింది కూడా నేనే.

నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఆఫీసు కుర్చీ చక్రాల మీద కదులుతుంటే భయపడి అంచున కూర్చున్నాడు. ఎదురుగా గోడంత తెర. తెర మీద పడవ, పడవలో మనిషి వీపు. కెమెరా ఆ వీపు వెనక, కాస్త పైన ఉంటుంది. ఎడమ బొటనవేలితో పడవ నడపాలి, కుడి బొటనవేలితో కెమెరా తిప్పాలి. ఈ రెండూ ఆయనకు ఐదు నిమిషాల్లో పట్టుబడ్డాయి. వలలు అల్లిన చేతులకు అదొక లెక్కా?

పడవ కదలగానే నాయన కుడి వేలితో కెమెరాను పూర్తిగా వెనక్కి తిప్పాడు. వెనక ఏమీ లేదు. బూడిద రంగు తప్ప ఒక్క గీత లేదు.

"ఊరు యాడుండాది పాపా?" అని అడిగాడు.

ఎవరో కిసుక్కున నవ్వారు. నేను కూడా నవ్వి, "ఎనకేం లేదు నాయనా, ముందుకు చూడు" అని ఆయన వేలు పట్టుకుని కెమెరాను సముద్రం వైపు తిప్పాను. ఆయన కాస్త దూరం పోయి మళ్ళీ వెనక్కి తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. పక్కన నిలబడి కాగితం మీద రాసుకుంటున్న అబ్బాయి నాయన పేరు ఎదురుగా 'కంట్రోల్స్ అర్థం కాలేదు' అని రాశాడు. నేను చదివాను. చదివి ఊరుకున్నాను.

అర్థం కాలేదట! ఆ ముక్క తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

సముద్రం మీదికి పోయినవాడు ఎక్కడున్నాడో సముద్రాన్ని చూస్తే తెలియదు. ఎటు చూసినా నీళ్ళే. ఒడ్డును చూస్తేనే తెలుస్తుంది. మా ఊరి నీళ్ళ ట్యాంకు వెనక చర్చి గోపురం సరిగ్గా దాక్కోవాలి. అదే సమయానికి దక్షిణం వైపు సరుగుడు తోపు అంచునుంచి ఒంటి తాటిచెట్టు విడిపడి కనిపించాలి. ఆ రెండూ ఒకేసారి కుదిరిన చోట అడుగున రాళ్ళున్నాయి, ఆ రాళ్ళలో చేపలున్నాయి. ట్యాంకు పక్కకు గోపురం కొంచెం తొంగి చూసిందంటే పడవ జరిగిందన్నమాట. నాయన చిన్నప్పుడు ట్యాంకు లేదు, దాని చోట ఇంకేదో మిద్దె ఉండేదట. ట్యాంకు కట్టాక ఊళ్ళో వాళ్ళందరూ గుర్తులు మళ్ళీ కొత్తగా చూసుకున్నారు. వేటకు పోయేవాడి కళ్ళు అరగంటకొకసారి వెనక్కి పోతాయి. జీపీఎస్ వచ్చింది కదా అంటారా? వచ్చింది. మా నాయన దగ్గరా ఒకటుంది. దాన్ని చూస్తాడు, చూసి, అది చెప్పింది నిజమో కాదో ఒడ్డును చూసి తేల్చుకుంటాడు.

ఆ చూపును మా కంపెనీ వాళ్ళు పొరపాటు కింద రాసుకున్నారు.

నేను డైరెక్టర్ దగ్గరికి పోయి ఆటలో ఒడ్డు కూడా పెట్టమని అడిగాను. ఆయన ఓపిగ్గా వివరించాడు. కెమెరా చూడనిది గీయకూడదట, గీస్తే ఫోనులో ఆట నత్తనడక నడుస్తుందట. ఆడేవాడు కొత్త చోటుకు పోవాలని వస్తాడు కాబట్టి వాడి చూపు ముందుకే ఉండాలట. అందుకే ఒడ్డు లేదు. పడవ నిండగానే తెర నల్లబడి, 'మరుసటి ఉదయం' అని అక్షరాలు పడి, పడవ మళ్ళీ సముద్రం మీద ఉంటుంది. ఇంటికి రావడమనేదే లేదు!

ఆటలో పెట్టిన రాకెట్టు సంగతి మరీ దారుణం. శ్రీహరికోట మాకు దక్షిణాన ఉంది. కానీ కెమెరా సముద్రం వైపే చూస్తుంది కాబట్టి, రాకెట్టును సముద్రం నడుమ నుంచి లేపారు. చుట్టూ పడవలు, పడవల్లో మనుషులు చేతులూపుతుంటారు. రాకెట్టు లేచే రోజు మమ్మల్ని సముద్రం మీదికి పోనివ్వరు సార్ అని మొత్తుకున్నాను. చూడ్డానికి బాగుంటుందన్నాడు. ఎవరు చూడ్డానికి? ఆ రోజు వేట మానుకుని ఒడ్డున కూర్చునే మా వాళ్ళు ఎవరి కెమెరాలోనూ పడరు కాబోలు.

చివరికి మా అమ్మ సంగతి చెప్పాను. నేను బడికి పోయే రోజుల్లో ఒక సాయంత్రం ముసురు పట్టి ట్యాంకూ గోపురమూ ఏవీ కనిపించకుండా పోయాయి. పడవలు ఇంకా రాలేదు. మా ఊళ్ళో అలాంటప్పుడు ఏం చేయాలో ఆడవాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు. పాత టైర్లు దొర్లించుకుంటూ వచ్చారు. ఒకటి అలల దగ్గర, ఇంకొకటి దాని వెనక ఇసుక దిబ్బ మీద పెట్టి కిరసనాయిలు పోసి వెలిగించారు. నీళ్ళ మీదినుంచి చూసేవాడికి రెండు మంటలు ఒకదాని మీద ఒకటి నిలబడితే, ఆ దారిన పడవ తగులుకునే ఇసుక మేట లేదని అర్థం. విడివిడిగా కనిపిస్తే పడవ పక్కకు పోతున్నట్టు. అమ్మ దిబ్బ మీది మంట దగ్గర నిలబడి, వాన దాన్ని ఆర్పకుండా రేకు అడ్డం పట్టుకుంది. ఆ వేడికి ఆమె మోచేతి మీద చర్మం లేచిపోయింది. నాయన ఆ రెండు మంటలు చూసుకుని ఇల్లు చేరాడు.

డైరెక్టర్ కళ్ళు మెరిశాయి. "చాలా ఎమోషనల్‌గా ఉంది. ఆ బొమ్మ లోడింగ్ స్క్రీన్ మీద పెడదాం" అన్నాడు.

ఆట మొదలయ్యేదాకా జనం ఊరికే చూసే బొమ్మ. మా అమ్మకు ఇచ్చిన చోటు అది. నేను లేచి వచ్చేశాను. అప్పుడే రాజీనామా చేయాల్సింది. చేయలేదు.

తరువాత మా ఊళ్ళో చేపల వేలం షెడ్డులో టీవీ పెట్టి ఆట చూపించారు. వేటకు పోయే మగవాళ్ళు వరసగా ఆడారు. ప్రతివాడూ పడవ కదలగానే కెమెరాను వెనక్కి తిప్పాడు, బూడిద రంగు చూసి నా వైపు చూశాడు. ఇంతమంది ఒకే పని చేశారు కదా, ఇప్పుడైనా బుద్ధి వస్తుందనుకున్నాను. వచ్చింది, కానీ ఇంకోలా వచ్చింది. ఎవరైనా కెమెరాను వెనక్కి తిప్పితే అది తనంతట తానే ముందుకు వచ్చేట్టు చేశారు. అలా వచ్చేటప్పుడు ముసలి జాలరి ఒక మాట అనాలి. ఆ మాట రాయమని నన్ను అడిగారు.

రాశాను. చేతులు విరిగిపోలేదు, నోరు పడిపోలేదు, జీతం తీసుకుంటున్నాను కాబట్టి రాశాను. మా నాయన మాట్లాడే తీరులోనే అచ్చంగా రాశాను.

రికార్డింగు రోజు నాయన చిన్న గదిలో మైకు ముందు కూర్చున్నాడు. ఆయనకు చదువు రాదు కనుక నేను పక్కన కూర్చుని ఒక్కొక్క మాట చదివితే, ఆయన దాన్ని తన గొంతుతో పలికేవాడు. గాలి గురించి, వల గురించి నలభై దాకా మాటలు హుషారుగా చెప్పాడు. తరువాత నేను ఇది చదివాను.

"ఎనక్కి చూడబాక అబ్బయా. ఎనకేం లేదు. ముందుకు పో."

నాయన పలకలేదు. వినపడలేదేమోనని ఇంకోసారి చదివాను. గదికున్న గాజు అద్దం అవతలినుంచి డైరెక్టర్ కూడా, "కానివ్వండి పెద్దాయనా" అన్నాడు.

"ఇది నువ్వే రాసినావా పాపా?" అని అడిగాడు నాయన.

అవునన్నాను.

ఆయన చెవుల మీది హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద మెల్లగా పెట్టాడు. అద్దం వైపు తిరిగి, "ఆ మాట నా నోట రాదు సారూ. నాతో వేటకొచ్చిన ఒక్క మడిసికి కూడా నేనట్లా జెప్పలా. నేను జెప్తే నమ్మి పోతారు గదా, పోయినోళ్ళు ఇంటికి ఎట్లొస్తారు?" అన్నాడు.

డైరెక్టర్ ఏదో సర్దిచెప్పబోయాడు. నాయన చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు. నేను ఆయన వెంట బస్టాండు దాకా పోయాను. బస్సెక్కాక నా వైపు చూసి, "అన్నం తిని పో" అన్నాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేదని ఏడ్చాను.

మరుసటి వారం ఉద్యోగం మానేశాను. దానివల్ల ఒరిగిందేమీ లేదు. నాయన చెప్పిన మాటలన్నీ తీసేసి, డబ్బింగ్ చెప్పే ఒకాయన చేత మొత్తం మళ్ళీ చెప్పించి ఆట విడుదల చేశారు. ఆయన గొంతు బాగానే ఉంటుంది. బస్సులో ఎవరి ఫోనులోనో ఒకసారి విన్నాను. ఎనక్కి చూడబాక అబ్బయా, ఎనకేం లేదు. మాటకు మాట, నేను రాసిందే. ఆ ఫోను లాక్కుని కిటికీలోంచి విసిరేయాలనిపించింది. విసిరేసినా వాక్యం నాదే.

నాయన ఆ ఆట ఊసు ఎత్తడు. మొన్న ఒడ్డున వల బాగు చేసుకుంటూ, తల ఎత్తకుండా ఒక్కటి మాత్రం అడిగాడు. అమ్మ పక్కనే కూర్చుని చేపలు ఆరబోస్తోంది.

"ఆ పడవోడు ఇల్లు జేరినాడా పాపా?"

"లేదు నాయనా" అన్నాను.

అమ్మ చేతిలో పని ఆపి సముద్రం వైపు చూసింది.