నాకున్నది సాలు

1968లో నేను విజయనగరం దగ్గర ఒక జూట్ మిల్లులో లేబర్ ఆఫీసు గుమాస్తాని. ఏ షిఫ్టుకి ఎవరొచ్చారో, ఎవరు రాలేదో మస్టర్ పుస్తకంలో ఎక్కించడం, చదువురాని పనివాళ్లకి అర్జీలు రాసిపెట్టడం నా పని. నాది శ్రీకాకుళం పక్క పల్లె. నోరు కొంచెం దురుసు. ఆ నోటివల్లే పదేళ్లు ఒకే కుర్చీలో ఉండిపోయానని మా ఆవిడ అంటుంది. అందులో అబద్ధం లేదు.

లూమ్ డిపార్టుమెంటులో, అంటే గోనెగుడ్డ నేసే మగ్గాల దగ్గర, సింహాచలం అని ఒకడుండేవాడు. నలభై ఏళ్లుంటాయి. చప్పుడు వినే ఏ మగ్గానికి ఏం జబ్బో చెప్పగలడు. ఆ ఏడు అతన్ని సర్దారు చేస్తామన్నారు. సర్దారంటే వరసలో ఉన్న మగ్గాలన్నిటికీ పెద్ద. జీతం ఒకటిన్నర రెట్లు. కాకపోతే పొద్దున్న సైరన్ కూత నుంచి సాయంత్రం కూత దాకా మిల్లులోనే ఉండాలి, తోటివాళ్లని తిట్టయినా పని చేయించాలి.

సింహాచలం తిన్నగా నా బల్ల దగ్గరికొచ్చాడు.

"వొద్దని రాసియ్యండి గుమస్తా బాబూ."

"బుర్రగానీ పాడైందేటి? వచ్చే లక్ష్మిని కాలదన్నుకుంటావా?"

"ఇప్పుడు రెండు గంటలకి దిగిపోతన్నాను. గేలం అట్టుకుని ఏటి ఒడ్డుకెల్తాను. పొద్దుగూకే దాక ఆ పొద్దు నాది. సర్దారునైతే అదీ మిల్లోడిదే. నాకున్నది సాలు."

"అంత దండిగా పడతాయేటి చేపలు?"

"పడితే పడతాయి, నేకపోతే నేదు."

ఒంట్లో బాగోలేదని రాద్దాం, ఎవరూ మళ్లీ అడగరన్నాను. ఒప్పుకోలేదు. "దుక్కలాగున్నాను. రోగమని రాయిస్తే దేవుడు నిజంగానే ఇచ్చీగలడు. నాను సెప్పినట్టే రాయండి," అన్నాడు. నాకూ పంతమొచ్చింది. ఒక్క అక్షరం దిద్దకుండా రాశాను: "నాకు సర్దారు పని వద్దు. నాకున్నది సాలు." వేలిముద్ర వేయించి పైకి పంపాను.

వారం తిరక్కుండా చార్జిషీటు వచ్చింది. నేరం మోపి సంజాయిషీ అడిగే కాగితం అది. మా లేబర్ ఆఫీసరు కృష్ణా జిల్లా వైపు నుంచి కొత్తగా వచ్చినాయన. 'చ'ని 'స' అనే మా నోరు ఆయనకింకా అలవాటు కాలేదు. సాలంటే ఆయనకి తెలిసింది నాగటి సాలు ఒకటే. "నాకున్నది సాలు" అంటే నాకు సేద్యం ఉంది, అందుకే సర్దారు పని వద్దంటున్నాను అని అర్థం చేసుకున్నాడు. మా మిల్లులో భూమి ఉన్నవాణ్ణి పర్మనెంటు చేసేవారు కాదు, ఉడుపుల రోజుల్లో పని ఎగ్గొడతాడని. కాబట్టి సింహాచలం భూమి దాచి కొలువు సంపాదించాడని, అతన్ని బదిలీల్లోకి దింపేస్తామని ఆ కాగితం సారాంశం. బదిలీ అంటే, ఎవరైనా రాని రోజున మాత్రమే పని దొరికే కూలీ. రోజూ గేటు దగ్గర పడిగాపులు పడాలి.

చదివి వినిపించాను. సింహాచలం మొహం వాడిపోయింది.

"మల్లీ గేటుకాడికా బాబూ? ఆరేల్లు నిలబడ్డాను. ఏ పూట గంజో ఏ పూట పస్తో తెల్నేదు. నాను పర్మనెంటు అయినాకే మా ఇంటిది నవ్వడం సూసినాను."

నాకు ఒళ్లు మండిపోయింది. రాసిన చెయ్యి నాది, పడే వేటు అతనిది. డబ్బుతో సుఖం రాదని నీతులు చెప్పేవాళ్లని ఆర్నెల్లు ఆ గేటు దగ్గర నిలబెట్టాలి.

విచారణ రోజున పిలవకపోయినా నేనూ వెళ్లాను. మా వైపు సాలంటే వేరని చెప్పబోతే ఆఫీసరు వినలేదు. "నాకు తెలుగు నేర్పుతావా?" అన్నాడు. అప్పుడే కాంటీన్ అప్పలమ్మ టీ తెచ్చింది. "అప్పలమ్మా, సింహాచలానికీ ఒక గ్లాసు పొయ్యి. వాడు చెప్పేదాకా ఆపకు," అన్నాను. ఆమె నా మొహం వింతగా చూసి పొయ్యడం మొదలెట్టింది. గ్లాసు నిండబోతుంటే సింహాచలం దానిమీద అరచెయ్యి అడ్డం పెట్టి, "సాలు, సాలు," అన్నాడు.

"విన్నారు కదండీ? అదే ఈ సాలు. దీన్ని దున్నుతాడో తాగుతాడో తమరే రాసుకోండి."

ఆఫీసరు నవ్వేశాడు. చెడ్డవాడేం కాదు. చార్జిషీటు మీద అడ్డంగా గీత కొట్టాడు. తర్వాత మా అర్జీ మళ్లీ చేతిలోకి తీసుకుని చదువుకున్నాడు.

"అయితే ఇది పనికొచ్చే కాగితమే. రేపు జీతాలు పెంచమని యూనియన్ వాళ్లు వస్తున్నారు. మీలో మంచి పనివాడే ఉన్నది చాలని రాసిచ్చాడు, మీకేం తక్కువని అడుగుతాను."

సింహాచలం గండం గడిచి బయటపడ్డవాడు. దణ్ణం పెట్టి వెళ్లిపోతే అతన్ని ఎవరూ తప్పు పట్టరు. అతను గ్లాసు కింద పెట్టాడు.

"సాలని నాకన్నాను బాబూ. ఆల్లకి సాలని నానన్నేదు. గేటుకాడ బదిలీలకి గంజికే సాల్దు. నా గలాసు మీద నాను సెయ్యెట్టుకున్నాను. ఆల్ల గలాసు మీద ఎట్టడానికి నానెవుణ్ని? తమరెవులు?"

"ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా?"

"తెల్సు బాబూ. ఆ కాయితం ఓపాలి ఇటియ్యండి." ఇవ్వకముందే తీసుకుని నా ముందు పెట్టాడు. "కింద ఇంకో ముక్క రాయండి."

రాశాను: "మిగతావారికి సాలదు." ఈసారి కావాలనే 'స' పెట్టాను. వేలిముద్ర పక్కన ఇంకో వేలిముద్ర పడింది.

ఆ కాగితం ఆఫీసరు మర్నాడు యూనియన్ వాళ్లకి చూపించలేదు. జీతాలు కొద్దిగా పెరిగాయి. అది సమ్మె నోటీసు చలవే, మా గొప్పేం లేదు. పిలవని విచారణకి వెళ్లినందుకు నాకో మెమో అందింది. సింహాచలం మగ్గం దగ్గరే ఉన్నాడు, రెండు గంటలకి దిగి గేలంతో ఏటి ఒడ్డుకి వెళ్తూనే ఉన్నాడు.

జీతం పెరిగితే మనిషి సుఖపడతాడా అని ఎవరైనా అడిగితే నాకు ఆ టీ గ్లాసు గుర్తొస్తుంది. ఖాళీ గ్లాసువాడు తప్పకుండా సుఖపడతాడు, అందులో నాకు అనుమానం లేదు. నిండినవాడి సంగతి వాడికే తెలుసు. ఎవరి కొలత వారిది. కానీ సాలన్న మాట తాగేవాడు అనాలి, పోసేవాడు అనకూడదు.