ఉడకబెట్టిన సముద్రం

"చచ్చిందని ఎవరన్నారు? ఊపిరుంది. ఇదిగో, మొప్పలు కొట్టుకుంటున్నాయి చూడండి. ఊపిరున్న పేషెంటుని మార్చురీకి పంపే ఆస్పత్రిలో నేను పని చెయ్యలేదు!"

కింది వాటాలో ఉండే నేనింకా మెట్లెక్కుతూనే ఉన్నాను. సిస్టరమ్మ గొంతు నాకెదురుగా కిందికి దిగివస్తోంది.

హాల్లోకి వెళ్ళేసరికి ముగ్గురున్నారు. ఆవిడ మోచేతుల దాకా చేతులు ఉప్పునీళ్ళలో పెట్టి నిలబడి ఉంది. భర్త, రిటైరైన బస్సు డ్రైవరు, చేతులు కట్టుకుని గోడకి ఆనుకున్నాడు. చేపల షాపతను తొట్టి ముందు గొంతుక్కూర్చుని, తొట్టి తీసుకెళ్ళాలో వద్దో ఇంకా తేలక, ఒకసారి అటూ ఒకసారి ఇటూ చూస్తున్నాడు.

"తొట్టి తీసుకెళ్ళమని నేనే పిలిచాను," అన్నాడు డ్రైవరు గారు నాతో, సాక్షికి చెప్పినట్టు. "మాటంటే మాటే. మూడో చేప పోతే తొట్టి పోవాలి, భోజనాల బల్ల మళ్ళీ రావాలి. మా చెల్లెలి ముందే ఒప్పుకుంది."

"చస్తే అన్నాను. ఇది చచ్చిందా?"

"చస్తోంది."

"చస్తోంది వేరు, చచ్చింది వేరు. ఆ రెండింటికీ మధ్య నిలబడ్డందుకే నాకు ముప్పై ఏళ్ళు జీతమిచ్చారు."

తొట్టిలో పైకంటా వచ్చి, నీటి అంచున నోరు తెరుస్తూ మూస్తూ ఒక చిన్న చేప. నారింజ రంగు ఒళ్ళు, దాని మీద మూడు తెల్లచారలు. ఆవిడ దాన్ని పేరు పెట్టి పిలవదు. పేషెంటు అంటుంది.

సిస్టరమ్మ ఆపరేషన్ థియేటర్ నర్సు. కత్తెరలూ కత్తులూ ఉడకబెట్టి, ఆకుపచ్చ గుడ్డల్లో చుట్టి, ఒకదాని పక్కన ఒకటి పేర్చి, డాక్టరు చెయ్యి చాపకముందే చేతిలో పెట్టడం ఆవిడ పని. ఆవిడ ఉన్న గదిలో ఈగ కూడా అనుమతి లేనిదే వాలేది కాదని డ్రైవరు గారు అంటుంటాడు. రిటైరైన రోజున అందరూ కలిసి వెనక్కి వాలే కుర్చీ ఒకటి బహూకరించారు. ఇంట్లో వాళ్ళు దాన్ని కిటికీ దగ్గర వేసి, "ఇంక కూర్చో" అన్నారు.

"కూర్చోమనడానికి వీళ్ళెవరు?" అని ఆ కుర్చీ సంగతి వచ్చినప్పుడల్లా ఆవిడ నన్నే నిలదీస్తుంది.

ఉప్పునీళ్ళ తొట్టి ఎందుకని నేనొకసారి అడిగాను. ఆవిడ పత్తి ఉండతో అద్దం అంచులు తుడుస్తూ చెప్పింది. "థియేటర్లో నేను చూసిన వాళ్ళందరూ నిద్రపోతున్న వాళ్ళే. కళ్ళు తెరిచే లోపు బండి మీద బయటికి తోసేసేవాళ్ళు. ఎవరి కళ్ళు ఏ రంగో నాకు తెలీదు. ఆ షాపులో ఈ చేప నా వంక చూసింది. దీనికి రెప్పల్లేవు, తెలుసా? నిద్రపోయినా కళ్ళు మూయదు. అప్పుడే అనుకున్నాను, నాకు ఇది కావాలని."

"ఉప్పునీటి చేపలు మీవల్ల కాదమ్మా, బంగారు చేపలు చాలు" అన్నాడట షాపతను. ఆ ఒక్క మాట అనకపోయుంటే బహుశా బంగారు చేపలతోనే సరిపెట్టుకునేది. "నాకేది చాలో నువ్వు చెప్తావా?" అని అక్కడికక్కడే మనిషి నిలువు పొడవున్న తొట్టి చేయించమంది.

ఆ తొట్టి మెట్ల మలుపు తిరగలేదు. నలుగురు మనుషులు గాజు మోసుకుని మధ్యలో నిలబడిపోతే, డ్రైవరు గారు కింద నుంచి "రివర్స్! రానీ, రానీ... కుడికి కొట్టు... హోల్డాన్!" అని అరిచాడు. ముప్పై ఏళ్ళ అనుభవమంతా వాడినా బండి కదల్లేదు. చివరికి బాల్కనీ కమ్మీలు కోసి, తాళ్ళు కట్టి పైకి లాగారు. పెట్టడానికి చోటు లేక భోజనాల బల్ల చెల్లెలి గారింటికి వెళ్ళిపోయింది. అప్పట్నుంచి మొగుడూ పెళ్ళాలు వంటింట్లో నేల మీద కూర్చుని తింటున్నారు. లేచేటప్పుడల్లా డ్రైవరు గారు మోకాళ్ళు పట్టుకుని సముద్రాన్ని తిడతాడు.

నీళ్ళు నింపిన మొదటి రోజే ఒక మూల చెమర్చింది. "కుట్లు సరిగ్గా పడలేదు" అని గాజుపని చేసినతన్ని మళ్ళీ పిలిపించి, పక్కన నిలబడి అతికించుకుంది. తర్వాత గోడ మీద ఉప్పు పేరుకుంది. తొట్టి మీది దీపం వేడికి నీళ్ళు కాగాయి, ఉన్న ఒక్క ఫ్యానూ తొట్టి వైపు తిరిగింది. ఆడపడుచు వచ్చి చూసి, "వదినా, సముద్రం చూడాలంటే మా అన్నయ్యనడిగితే బస్సులో తీసుకెళ్ళేవాడుగా!" అంది. "మీ అన్నయ్య బస్సు సముద్రం ముందు ఆగుతుంది, నాకు లోపల చూడాలి" అంది సిస్టరమ్మ.

ఇన్నిటికీ తొణకని మనిషి చేపల దగ్గర బెదిరింది. మొదటిది వచ్చిన వారానికే పోయింది. రెండోదీ అంతే. నీళ్ళు చూస్తే అద్దంలా ఉన్నాయి. ఒక్క నలుసు లేదు. ఎందుకు పోతున్నాయో అర్థం కాదు. భర్త పెట్టిన షరతుకు ఆ కోపంలోనే తలూపింది. ఇప్పుడు మూడోది నీటి పైకి వచ్చి నోరు తెరుస్తోంది.

షాపతను లేచి తొట్టిలోకి తొంగిచూశాడు. ఒక రాయి తీసి వాసన చూశాడు. వేలితో గీకాడు. వేలికి ఏమీ అంటలేదు.

"అమ్మా, నేనిచ్చిన రాళ్ళేనా ఇవి?"

"నువ్వు అంటగట్టినవే. ఏం రాళ్ళవి! జిడ్డు, పాచి, ఒకదాంట్లోంచి పురుగు కూడా తల బయటపెట్టింది. అలాంటిది నా ఇంట్లోకి రానిస్తానా? గంటసేపు ఉడకబెట్టాను. బ్లీచింగ్‌లో నానేశాను. బ్రష్షుతో తోమాను. మల్లెపువ్వుల్లా తెల్లగా వచ్చాయి."

"ఇసుక?"

"అదీ ఉడకబెట్టాను."

"ఫిల్టర్లో స్పాంజి?"

"వారం వారం సబ్బుతో ఉతుకుతాను."

అతను నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. సంచీలోంచి చిన్న సీసా తీసి, గాజు గొట్టంలో తొట్టినీళ్ళు పట్టి, చుక్కలు వేసి ఊపాడు. "పసుపు రంగుంటే నీళ్ళు బాగున్నట్టు," అన్నాడు. మేం చూస్తుండగానే అవి ఆకుపచ్చగా తిరిగాయి. థియేటర్ గుడ్డల రంగు.

"ఇది విషమమ్మా. చేప తింటుంది, విసర్జిస్తుంది. ఆ మురికిని తినే సూక్ష్మజీవులు ఆ రాళ్ళలో, ఆ జిడ్డులో ఉంటాయి. మీరు ఉడకబెట్టింది రాళ్ళని కాదు, వాటిని. మిగిలిన వాటిని సబ్బుతో ఉతికారు. ఇంక చేప తన మురికిలోనే మునిగి చస్తోంది."

సిస్టరమ్మ చేతులు నీళ్ళలోంచి తీసి, తుడుచుకోకుండా అలాగే పైకెత్తి పట్టుకుంది, ఆపరేషన్‌కి ముందు పట్టుకునేట్టు. మోచేతుల మీంచి చుక్కలు నేల మీద పడుతున్నాయి.

డ్రైవరు గారు దగ్గాడు. "అయితే మూడు ప్రాణాలూ శుభ్రతే తీసి..."

"మూడోది బతికే ఉందని చెప్పానా!" అంది ఆవిడ. షాపతని వైపు తిరిగింది. "ఏం బాబూ, అమ్మేటప్పుడు నోరు పడిపోయిందా? ఉడకబెట్టొద్దని ఒక్క మాట చెప్పొద్దూ?"

"రాళ్ళు ఉడకబెట్టే వాళ్ళుంటారని నాకెలా తెలుస్తుందమ్మా? ఇన్నేళ్ళలో మీరే మొదటి వాళ్ళు!"

ఆవిడ అతన్ని కాసేపు గుర్రుగా చూసి, ఉన్నట్టుండి ఫక్కున నవ్వింది. నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకుంది. ఉప్పునీటి చేత్తో తుడుచుకున్నందుకు కళ్ళు ఇంకా మండాయి. "ముప్పై ఏళ్ళు క్రిముల్ని చంపి జీతం తీసుకున్నాను. ఇప్పుడు వాటిని చంటిపిల్లల్లా సాకమంటావా?"

"సాకక్కర్లేదమ్మా. ఊరికే వదిలేస్తే చాలు."

"అదే కష్టం," అంది ఆవిడ, ఈసారి మెల్లగా.

తర్వాత అన్నీ చకచకా ఆవిడే చెప్పింది. చేపని షాపతని సంచీలో, చేపని మోసుకెళ్ళడానికి అతను తెచ్చిన నీళ్ళలోకి దించారు. అతని దగ్గర పాతతొట్టి ఉంది, ఏళ్ళ తరబడి పాచి పట్టినది. పేషెంటు అక్కడ కోలుకోవాలి, అక్కడి మురికి కొంచెం నేను ఇక్కడికి తేవాలి. ఇక్కడ ఈ తొట్టిలో మురికిని తినే జీవులు పుట్టి, పెరిగి, ఆ గాజు గొట్టంలో రంగు పసుపుకి తిరిగాకే వెనక్కి రావాలి. సంచీ మూతి కట్టేముందు ఆవిడ వంగి చేప కళ్ళలోకి చూసింది. చేప కూడా చూసినట్టే అనిపించింది నాకు.

షాపతను మెట్లు దిగాక డ్రైవరు గారు గొంతు సవరించుకున్నాడు. "ఇంట్లో చేప లేదు. ఖాళీ తొట్టి. మరి బల్ల?"

"చేప చావలేదు. పుట్టింటికి వెళ్ళింది. ఆరోగ్యం బాగవగానే వస్తుంది. పుట్టింటికి వెళ్ళిన దాని మంచం ఎవరైనా అమ్ముకుంటారా?"

"మాట తప్పుతున్నావే."

"తప్పడం లేదు. తప్పాల్సి వచ్చినా తప్పుతాను, మీ చెల్లెలికి కూడా చెప్పండి. తెలీక చంపాను. తెలిశాక కూడా వదిలేసి ఆ వాలే కుర్చీలో కూర్చోమంటారా? కూర్చోను."

ఆయన తొట్టి వంక చూశాడు. చేప లేని నీళ్ళు, తెల్లటి రాళ్ళు. తర్వాత లోపలికి వెళ్ళి, డ్యూటీలో మంచినీళ్ళు తీసుకెళ్ళే తన పాత క్యాను పట్టుకొచ్చి నా చేతికిచ్చాడు. "మూత బిగించి పెట్టుకో. మలుపుల దగ్గర ఒలుకుతుంది," అన్నాడు, ఎవరి ముఖమూ చూడకుండా.

సిస్టరమ్మ ఆ క్యాను లాక్కుని లోపల సబ్బు వాసన ఉందేమోనని ముక్కు పెట్టి చూసి మళ్ళీ ఇచ్చింది.

"వెళ్ళు. సాయంత్రం అతను ఫిల్టర్లు కడిగేసుకుంటాడట, ఈలోపే అందుకో. నేను ఇక్కణ్ణించి కదిల్తే ఈయన తొట్టిని కదిలిస్తారు. పాతతొట్టిలోంచి స్పాంజి ముక్క ఒకటి, అడుగున ఉన్న ఇసుక కొంచెం ఇమ్మని అడుగు. బాగా మురికిగా ఉన్నదే ఇమ్మను. ఆ నీళ్ళలోనే ముంచి పట్రా. దార్లో ఎవరైనా కంపు కొడుతోందన్నా సరే, నువ్వు మాత్రం దాన్ని కడక్కు!"