అత్తమ్మ పిలుపుకు ఒక పిన్ను

మాకు మైక్రోకంట్రోలర్ చిప్పుల పని నేర్పిన మేడమ్ పోయిన ఆదివారం పొద్దున చనిపోయారు. గుండెపోటు. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయిందట. నాతో చదువుకున్న స్నేహితురాలు ఫోన్ చేసి చెప్పింది. "సరే" అన్నాను. ఫోన్ పెట్టేసి, సగంలో ఉన్న చొక్కా ఇస్త్రీ పూర్తిచేశాను. తర్వాత ఇంకోటి చేశాను. ఏడుపు రాలేదు, ఇప్పటికీ రావడం లేదు. రాస్తే ఏమైనా కదులుతుందేమోనని ఇది రాస్తున్నాను.

మా శిక్షణ కేంద్రం సికింద్రాబాద్ స్టేషన్‌కు దగ్గర్లో, ఒక మిఠాయి దుకాణం పైన ఉండేది. పక్క గదుల్లో జావా క్లాసులు కిటకిటలాడేవి. చోటు దొరకనివాళ్లు గుమ్మంలో నిలబడి వినేవారు. మా గదిలో గుప్పెడు మందిమి. శ్రీకాకుళం నుంచి వచ్చి నేరేడ్‌మెట్‌లో స్థిరపడ్డ మా అమ్మకు ఇదే బెంగ. "అందరూ సాఫ్ట్‌వేర్ అంతుంటే నువ్వీ చిప్పులు పట్టుకున్నావేటే?" అనేది.

మేడమ్ క్లాసు మొదలుపెట్టే ముందు బంగారు గాజులు తీసి పర్సులో వేసుకునేవారు. బోర్డుకు తగిలితే షార్టవుతుందని. మట్టి గాజులు గలగలమంటుండగా మొదటిరోజు చెప్పిన మాట నాకు బాగా గుర్తు.

"చిప్పుకు ఇన్ని కాళ్లున్నయి గదా, వీటినే పిన్నులంటం. దేని పని దానికి ముందుగాల్నే చెప్పాలె. వినే పిన్ను ఇన్‌పుట్, మాట్లాడే పిన్ను అవుట్‌పుట్. చెప్పకుంట షురూ చేసిన్రో, పరేషానే."

ఆ ఏడే మేడమ్ వాళ్ల అత్తగారికి పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది. ఎడమచేతి వేళ్లు మాత్రం కాస్త ఆడేవి. మౌలాలిలో రైల్వే క్వార్టర్‌లో కాపురం. మేడమ్ భర్త రైల్వేలోనే పనిచేసేవారు. ఒకరోజు మేడమ్ వంటింట్లో ఉండగా పెద్దావిడ దిండు మీంచి జారి, ముఖం పరుపులో కూరుకుపోయింది. కుక్కర్ చప్పుడులో ఏమీ వినపడలేదు. మంచినీళ్లివ్వడానికి వెళ్లి చూసేసరికి పెదవులు నీలంగా మారాయి. ఎలాగో బతికింది.

మర్నాడు మేడమ్ పాఠం చెప్పలేదు. "మా అత్తమ్మ పిలిస్తే నాకు వినబడాలె. ఈసారి మన ప్రాజెక్టు గిదే" అన్నారు.

మంచం దగ్గర మెత్తటి స్విచ్చి, వంటింట్లో ఎర్ర బల్బు, ఒక బజర్. స్విచ్చి తీగ చిప్పులో ఇన్‌పుట్ పిన్నుకు, బల్బూ బజరూ అవుట్‌పుట్ పిన్నులకు. క్లాసులో చక్కగా పనిచేసింది. ఇంట్లో బిగించాక మాత్రం ఊరికే మోగడం మొదలైంది. మోగినప్పుడల్లా మేడమ్ పరుగెత్తడం, పెద్దావిడ అయోమయంగా చూడడం. ఆదివారం మేం వెళ్లేసరికి ఆవిడ కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి.

"తీసెయ్ దాన్ని. అమ్మ ఊకెనే ఒత్తుతుంది, నీకు తక్లీఫ్" అన్నారు మేడమ్ భర్త.

"అత్తమ్మ ఒత్తుతలేదు. నేను పక్కన కూసోని చూసిన" అన్నారు మేడమ్.

మాచేత ఫ్యాను వేయించారు. బజర్ మోగింది. అప్పుడర్థమైంది. స్విచ్చి నొక్కనప్పుడు ఆ ఇన్‌పుట్ పిన్ను దేనికీ అంటుకుని లేదు. గాల్లో వేలాడుతోంది. పొడుగాటి తీగ పట్టుకొచ్చే ప్రతి అలజడినీ పిలుపనుకుంటోంది. మేడమ్ కరెంటును అదుపులో ఉంచే చిన్న రెసిస్టర్ ఒకటి తీసుకుని, దాని గుండా ఆ పిన్నును ఐదు వోల్టుల తీగకు కట్టారు. ఇక నొక్కితే తప్ప దాని స్థితి మారదు.

"ఒత్తినప్పుడు ఏం చేయాల్నో అందరు రాస్తరు. ఒత్తనప్పుడు ఎట్లుండాల్నో సుత మనమే చూడాలె, బిడ్డా" అన్నారు నాతో.

తర్వాత మంచం పక్కన కూర్చుని అత్తగారి కళ్లు తుడిచారు. "తప్పు నీది కాదత్తమ్మా, మాది. ఇప్పుడు పిలువు" అని వంటింట్లోకి వెళ్లారు. పెద్దావిడ చాలాసేపు నొక్కలేదు. భయం. చివరికి నొక్కింది. బజర్ మోగిందో లేదో, "వచ్చినా!" అని లోపలినుంచి కేక.

ఆ తర్వాత ఆవిడ ఏ అవసరమూ లేకుండానే పిలిచేదట. మేడమ్ వెళ్లి నిలబడితే ఊరికే చూసేదట. విసుగు రాదా అని అడిగాను. "మాట పోయిన మనిషి. ఎవరినన్న పిలవాల్నని ఉండదా?" అన్నారు.

నేనిప్పుడు బేగంపేటలో చిప్పులకు ప్రోగ్రాములు రాసే ఉద్యోగం చేస్తున్నాను. అమ్మ బెంగ తీరింది. ఈ సంగతి మేడమ్‌కు చెప్పినప్పుడు నవ్వి, బోర్డు పట్టుకునే ముందు గాజులు తీస్తున్నావా అని మాత్రం అడిగారు.

దహనమయ్యాక మౌలాలి వెళ్లాను. ఇంటినిండా చుట్టాలు. వంటింట్లో ఎర్ర బల్బు వెలుగుతూ ఆరుతూ, బజర్ మోగుతూ ఆగుతూ ఉంది.

"పొద్దుగాల్ల సంది ఒత్తుతనే ఉంది. జెర వైరు పీకుండ్రి ఎవరన్న" అంది ఒకావిడ.

"ఉండనియ్యి" అన్నారు మేడమ్ భర్త. లేచి తల్లి దగ్గరికి వెళ్లారు. కోడలు ఇక లేదని తల్లికి చెప్పే ధైర్యం ఆయనకు లేదు. ఆవిడ ఆయన్ని కాకుండా ఆయన వెనకున్న గుమ్మాన్ని చూసింది.

రాగిజావ గిన్నె తెచ్చి ఆయన మంచం అంచున కూర్చున్నారు. జావ ఆవిడకు ఎంత వేడిగా ఉండాలో ఆయనకు తెలియదు. చెంచాతో తీసి ఊదారు. ఆవిడ నోరు తెరవలేదు. మళ్లీ ఊదారు. ఆవిరి రావడం ఎప్పుడో ఆగిపోయింది. ఆయన ఊదుతూనే ఉన్నారు.