గోంగూర అనుకున్న ఆకు

సహోదరులారా, ఎస్టేటు ఆసుపత్రి బల్ల మీద నా భార్య శాంతమ్మకు ఊపిరి అందడం లేదు, కంపౌండరు ఆమె గొంతులోకి రబ్బరు గొట్టం దించుతున్నాడు, నేను ఆమె పాదాలు పట్టుకుని ఒకే ఒక ప్రార్థన చేస్తున్నాను: "ప్రభువా, ఈమెకు ఇంకొక్క ఊపిరి ఇయ్యి, దాని తరవాత ఇంకొక్కటి ఇయ్యి!"

సంగతి మొదటినుంచి చెబుతాను. ఫీజీ దీవిలో ఈ నవాకా చెరకు తోటల కూలీ లైన్లలో, వరసగా కట్టిన గదుల్లో, ఉన్న తెలుగువాళ్లం గోంగూర కోసం ముఖం వాచిపోయి ఉన్నాం. ఆ ఆదివారం పక్క గది అప్పలమ్మ, ఒకే ఓడలో వచ్చినందుకు నేను వదినా అని పిలిచే మనిషి, వాగు ఒడ్డునుంచి ఒడినిండా ఆకు తెచ్చింది.

"ఓలమ్మో, గోంగూరే! ఎర్ర కాడలు సూడు."

"పులుపేదీ వదినా?" అన్నాను ఆకు నమిలి ఉమ్మేసి.

"అదీ మనలాగే ఓడెక్కొచ్చింది గదా మరిదీ, పులుపంతా సముద్రంలో కక్కేసుంటది!"

నవ్వుకున్నాం. మగ్గించడానికి నూనె లేక అప్పలమ్మ పచ్చి ఆకునే మిరపకాయలతో నూరి నిమ్మకాయ పిండింది. ముందు శాంతమ్మకే పెట్టింది, ఆమె ఇష్టంగా తిన్నది. కాసేపటికే వాంతులు, తల తిరుగుడు, ఎగఊపిరి! అంతటిలోనూ నా భార్య చేసిన పని చూడండి. ఇది ఆకు వల్లనేనని ఇంకా తట్టని అప్పలమ్మ, నిద్రలేచిన మా పాపకు అదే పచ్చడి కలుపుతుంటే పళ్లెం కాలితో తన్నేసి, "పాపకి ఎట్టకు అక్కా!" అని అరిచింది, మిగిలిన ఆకు కొంగున ముడివేసుకుని ఎద్దుబండి ఎక్కింది.

హిందుస్తానీ కంపౌండరు ఆ ముడి విప్పి చూశాడు. "అరే, యే తో కసావా కా పత్తా! కచ్చా ఖాయా?" అన్నాడు, అంటే ఇది కర్రపెండలం ఆకు, పచ్చిదే తిన్నారా అని. ఆ దుంప తినే ఫీజీవాళ్లు కూడా ఆకును బాగా ఉడికించి నీళ్లు పారబోస్తారట. విషమేదో తెలిసింది కాబట్టి ఆలస్యం చేయక కడుపు కడిగాడు, ఊపిరి ఆగకుండా పక్కనే కనిపెట్టుకుని కూర్చున్నాడు. పొద్దువాలేసరికి శాంతమ్మ కళ్లు తెరిచి, "పాప తిన్నాదా?" అని అడిగింది. తినలేదు! దేవునికే మహిమ!

ఇప్పుడు కొత్త ఓడ మనుషులు దిగితే శాంతమ్మ ఆ ఆకు కొమ్మ పట్టుకుని గదిగదికీ వెళ్లి ఇది గోంగూర కాదని చూపిస్తుంది, అది చూసి నా ఛాతీ పొంగుతుంది. ప్రియులారా, ఊపిరి ఇచ్చినవాణ్ణి నమ్మండి, తెలియని ఆకును మాత్రం అడిగి తెలుసుకుని తినండి. వాగు అవతలి లైన్లకు దొర రాసిచ్చే అనుమతి చీటీ లేకుండా మమ్మల్ని పోనివ్వరు. అక్కడి తెలుగువాళ్లకు ఈ మాట ఇంకా ఎవరూ చెప్పలేదు.