కొబ్బరి తాడుతో పెట్టిన పెనాల్టీ చుక్క

మొన్న కాకినాడలో మా మనవరాలిని కాలేజీ దగ్గర దింపడానికి వెళ్తే, మైదానంలో ఒకతను సున్నం నింపిన చిన్న చక్రాల బండిని తోసుకుంటూ ఫుట్‌బాల్ గీతలు వేస్తున్నాడు. బండి ముందుకు పోతుంటే వెనకాల గీత దానంతటదే పడుతోంది. మనవరాలు క్లాసులోకి వెళ్లిపోయినా నేను అరగంట అక్కడే నిలబడిపోయాను. వాచ్‌మన్ వచ్చి ఎవరు కావాలండీ అని అడిగాడు. మా బావగారు కావాలి అనలేక, ఎవరూ అక్కర్లేదని చెప్పి వచ్చేశాను.

ఎనభైల మొదట్లో నేను కువైట్‌లో, అల్ రాయ్‌లోని ఒక కార్ల షెడ్డులో స్పేర్ పార్టుల స్టోరు చూసేవాణ్ణి. బావగారు, అంటే మా అక్క భర్త, ఒక కాలేజీలో మైదానం చూసుకునేవారు. ఇద్దరం ఫర్వానియాలో ఒకే గదిలో, మరో నలుగురితో కలిసి ఉండేవాళ్లం. మైదానం అన్నానని పచ్చగడ్డి ఊహించుకోకండి. అది వట్టి ఇసుక. దాని మీద ట్యాంకరుతో నీళ్లు కొట్టించి, రోలరు తిప్పి, గట్టిపడ్డాక సున్నంతో గీతలు వేయాలి. వచ్చిన కొత్తలో బావగారికి ఫుట్‌బాల్ కాలితో ఆడతారని తప్ప మరేమీ తెలీదు. ఏడాది తిరిగేసరికి కంచంలో ఆవకాయ ముక్కలు పేర్చి మాకు ఆఫ్‌సైడు పాఠం చెప్పే స్థాయికి వచ్చారు. పాఠం పూర్తయ్యేలోపు డిఫెండర్లను ఎవరో ఒకరు తినేసేవారు.

అక్క సాల్మియాలో ఒక కువైటీ ఇంట్లో పనిచేసేది. ఆ ఇంటి యజమానురాలు, అక్కడ మామా అంటారు, మంచిదే, శుక్రవారం సాయంత్రం రెండు గంటలు బయటికి పంపేది. ఆ రెండు గంటలూ సముద్రం ఒడ్డున కూర్చుని వాళ్లిద్దరూ ఏం చెప్పుకునేవారో నాకు తెలీదు గానీ, శనివారం పొద్దున బావగారు ఈల వేసుకుంటూ గడ్డం గీసుకునేవారు. ఆ ఏడు ఆయన ఇఖామాకి, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే అనుమతికి, గడువు దగ్గరపడింది. కాలేజీ పెద్ద, అందరూ ముదీర్ అని పిలిచే ఆయన, దాన్ని పొడిగించే కాగితాన్ని బల్ల మీదే ఉంచుకుని, కాలేజీల టోర్నమెంటు మన మైదానంలో సవ్యంగా జరగనీ, తర్వాత సంతకం సంగతి చూద్దాం అన్నాడు. సంతకం పడకపోతే బావగారు ఇండియాకి, అక్క ఒక్కతీ ఇక్కడ. ఆ నెలంతా ఆయన ఈల వినబడలేదు.

మా కోనసీమలో కొబ్బరి మొక్కలు వరసగా నాటడానికి ముడులు వేసిన తాడు వాడతారు. తాడు లాగిపట్టి, ముడి వచ్చిన చోటల్లా గొయ్యి తీస్తారు. బావగారు ఆ విద్యనే మైదానం మీద ప్రయోగించారు. కాలేజీలో స్టీలు టేపు ఉందిట గానీ, స్టోరులోంచి బయటికి తేవాలంటే మూడు సంతకాలు కావాలిట. అందుకని పడవల సామాన్లు అమ్మే చోట కొబ్బరి తాడు కొని, ఒక్కసారి టేపుతో కొలిచి, ఏది ఎక్కడ రావాలో అక్కడ ముడులు వేసుకున్నారు. మైదానం మూలల్లో రాళ్లు పాతి ఉండేవి కాబట్టి వాటితో పేచీ లేదు. గోలు ముందరి గీతలూ, పెనాల్టీ చుక్కా మాత్రం ప్రతి మ్యాచికీ కొత్తగా పెట్టాలి. గోలు గీత దగ్గర తాడు కొస తొక్కిపట్టి, ఎర్రగుడ్డ కట్టిన ముడి ఎక్కడికొస్తే అక్కడ గుప్పెడు సున్నం, అదే చుక్క.

బావగారి కాలేజీ జట్టు ఆడే ఫైనలు శుక్రవారం సాయంత్రం పడింది. ఆ వారం రాలేనని అక్కకి కబురు పెట్టి, బావగారు ముందురోజే రెండు ట్యాంకర్ల నీళ్లు కొట్టించారు. ఆ హడావిడిలో, రోజూ గదికి తెచ్చుకునే తాడు అక్కడే వదిలేశారు. నాకు సెలవు కాబట్టి నేనూ వెళ్లాను. నేను ఆట చూస్తుంటే ఆయన గీతలు చూస్తున్నారు. ఎవడైనా గీత మీద జారిపడితే, వాడికి దెబ్బ తగిలిందా అని కాదు, సున్నం చెదిరిందా అని ఆయన దిగులు. ఆట సమానంగా ముగిసింది. ఇక పెనాల్టీలు. రెండు జట్లూ ఒకే గోలుకి, అదే చుక్క మీంచి ఒకరి తర్వాత ఒకరు కొట్టారు. అవతలి కుర్రాళ్లిద్దరు బంతిని గోలు మీంచి రోడ్డు మీదకి పంపడంతో కప్పు మాకొచ్చింది. మాకు అంటున్నాను గానీ ఆ జట్టులో ఒక్కడి పేరూ నాకు సరిగ్గా తెలీదు. అయినా గెంతాను.

అందరూ కప్పు పట్టుకుని క్యాంటీనులోకి పోయారు. బావగారు తాడు చుట్టబోతూ, అలవాటుకొద్దీ మరోసారి లాగి చూసుకున్నారు. ఎర్రగుడ్డ ముడి చుక్కని దాటి జానెడున్నర అవతలికి పోయింది. మళ్లీ లాగారు, మళ్లీ అంతే. రాత్రంతా తడి ఇసుకలో నానిన తాడు బిగుసుకుపోయింది. పొద్దున దానితోనే చుక్క పెట్టారు. పగలంతా ఎండకి ఆరి అది మళ్లీ సాగింది. తడిస్తే తాడు కురచవుతుందని కోనసీమలో దూడని కట్టేసే ప్రతివాడికీ తెలుసు. ఈ ఎడారిలో తాడు తడుస్తుందన్న ఆలోచనే ఆయనకి రాలేదు.

“చుక్క చెరిపేద్దాం బావగారూ. ఎవరూ చూళ్లేదు. సంతకం పడేదాకా ఊరుకోండి,” అన్నాను.

ఆయన తాడు చుట్టి భుజాన వేసుకున్నారు. “ఊరుకోవచ్చోయ్. మరి రేపు మళ్లీ ఇక్కడ చుక్క పెట్టాల్సింది నేనే కదా,” అన్నారు.

క్యాంటీనుకి వెళ్లి, ముదీర్‌ని పక్కకి పిలిచి, అరబ్బీ, హిందీ, కొంత చేతులతో కలిపి మొత్తం చెప్పేశారు. ముదీర్ నవ్వలేదు. టేపు తెప్పించి తనే దగ్గరుండి కొలిపించాడు. అవతలి జట్టు బస్సు ఇంకా కదల్లేదు. వాళ్ల కోచ్‌ని, ఒక ఈజిప్టు ఆయన్ని, పిలిపించాడు. కోచ్ వచ్చి చుక్క దగ్గర నిలబడి టేపు చూశాడు, గోలు చూశాడు, ఆ పైన రోడ్డు వైపు చూశాడు. కప్పు పోయింది, బావగారూ పోయారు, అక్కకి ఎలా చెప్పాలిరా దేవుడా అనుకున్నాను.

“ఇంత దగ్గర నుంచి కూడా మావాళ్లు పైకి కొట్టారని తెలిస్తే నా పరువేం కాను?” అన్నాడు కోచ్. “ఎవరికీ చెప్పకండి. ఖలాస్.”

అప్పుడు నవ్వాడు ముదీర్. శనివారం ఇఖామా కాగితం మీద సంతకం పడింది. దాంతోపాటు స్టీలు టేపు కూడా బావగారి చేతికొచ్చింది. ఆ తర్వాతి శుక్రవారం సముద్రం ఒడ్డున అక్క ఆయన్ని చడామడా తిట్టి, తర్వాత చాలాసేపు నవ్విందిట.

ఇండియాకి వచ్చేశాక ఆయన ఈ కథ చెప్పని పెళ్లి లేదు. చెప్పినప్పుడల్లా కోచ్ మీసం పెరిగేది, చుక్క గోలుకి ఇంకాస్త దగ్గరయ్యేది. చెరిపేద్దామని నేనన్న మాట మాత్రం ఒక్కసారి కూడా అందులోకి రాలేదు. నేను పక్కనే కూర్చుని, పాపం మర్చిపోయారు అనుకునేవాణ్ణి. బావగారు పోయి మూడేళ్లు. తన తప్పుని జీవితమంతా ఊరందరికీ చెప్పుకున్న మనిషి నా తప్పుని తనలోనే ఉంచుకుని వెళ్లిపోయారని, అది మరుపు కాదు మర్యాద అని తెలుసుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.