జౌగడ రాయి దగ్గర 'పద' అన్నదెవరు?

ముందే ఒప్పుకుంటున్నాను, తప్పంతా నాదే. చదవలేని రాతను చదవగలనని కోతలు కోశాను. ఆ తర్వాత జరిగింది మాత్రం అక్షరాలా నిజం. ఒట్టు వేయమంటే వేస్తాను గానీ... నా ఒట్టుకు విలువే ఉంటే మా మామ ఆ రాత్రే నమ్మేవాడు.

మేమింకా మద్రాసు కింద ఉన్న రోజులు. బరంపురంలో మాది బట్టల కొట్టు. మామ కూతురు సీతాలంటే నాకు ప్రాణం. మామ అంటే ప్రాణభయం. జౌగడలో అశోకుడు రాయి మీద చెక్కించిన రాతలున్నాయి కదా... దొరలు కూడా పనిగట్టుకుని వచ్చి చూసే రాతలు. "అవి నాకొచ్చు మామా" అన్నాను ఓ రోజు భోజనాల దగ్గర. వడ్డిస్తున్నది సీతాలు మరి.

మామ చెయ్యి కడుక్కుని, "అలగైతే ఎల్దాం. సదివి ఇనిపించు. సదివితే పిల్లనిచ్చెత్తాను" అన్నాడు.

ఎద్దుబండి. రోజంతా ఎండ. ఋషికుల్య ఇసుకలో చక్రం దిగబడితే నెట్టింది నేనే. చేరేసరికి చీకటి పడింది. నా కాళ్లు నావి కావు. రాయి నల్లగా నిలబడి ఉంది. ఒక్క అక్షరమూ కనబడటం లేదు... హమ్మయ్య అనుకున్నాను.

"ఉండు, లాంతరు తెత్తాను" అని మామ బండి దగ్గరకు వెళ్లాడు.

ఒక్కణ్ణే... రాయికి జారగిలబడ్డాను. పగటి వేడి ఇంకా పోలేదు దానికి... మనిషి ఒంటి వేడిలా ఉంది. దూరంగా ఎద్దుల మెడగంటలు. కాసేపటికి అవీ ఆగాయి.

అప్పుడు... నా చెవి పక్కనే... గుసగుసగా...

"ప... ద."

మామే అనుకున్నాను. "వస్తన్నాను మామా" అని తిరిగాను. మామ లాంతరు ఇంకా బండి దగ్గరే ఉంది. వేలెడంత వెలుగు.

మళ్లీ... "ప... ద."

చిక్కంతా ఇక్కడే. మా ఊరివాళ్లకు రెండు భాషలూ ఒకే నాలుక మీద ఉంటాయి. తెలుగైతే 'పద'... నడవమని. ఒరియా అయితే 'పఢ'... చదవమని. ఆ గుసగుసలో అది దకారమో ఢకారమో ఎవడు తేల్చగలడు? పోదామంటే కాళ్లు రాలేదు. చదువుదామంటే అక్షరాలు రాలేదు.

రాయి మీద వేలు పెట్టాను. వేలి కింద గీతలు... గుంటలు... "అ... ఆ... ఇ... ఈ..." అని గొణిగాను. వీధిబడిలో నేర్చుకున్నవే. 'క్ష' దాకా వచ్చి ఆగాను. ఆ పైన నాకేం రాదు.

ఒక నిట్టూర్పు... ఒక్కటే. కోపం లేదు అందులో. ఎంతో కాలంగా నిలబడి అలిసిపోయినవాడు 'వీడూ కాదా' అనుకున్నట్టు... రాయిలోంచో, నాలోంచో. నేనూ తక్కువ అలిసి లేను కదా.

ఎలా పరుగెత్తానో... బండి దగ్గర పడ్డాను. మామ బండెక్కి, లాంతరు ఆర్పి, అటు తిరిగి కూర్చున్నాడు.

"ఏటి మామా, లాంతరు తేలేదేటి?"

"ఎందుకు తేవాల? బండెద్దుని అదిలించినట్టు పద, పద అని రెండుమార్లు అన్నావు కదేటి! తాలూకా బోర్డు మెంబర్ని. పిల్లనివ్వబోయేవోణ్ణి. 'పదండి' అంటే నీ నోరు అరిగిపోద్దేటి?"

నా చెవిలో గుసగుసగా పడిన మాట... అంత దూరాన ఉన్న ఆయనకెలా వినబడింది?

"అన్నది నాను కాదు మామా!"

"మరెవులు? బండోడు నా పక్కనే సుట్ట కాలుత్తన్నాడు. అశోకుడన్నాడేటి? ఆడికి తెలుగొచ్చేటి?"

సీతాలును ఛత్రపూర్‌లో ఒక కోర్టు గుమస్తాకిచ్చారు. కట్నాలు చాలక పెళ్లిళ్లు తప్పడం విన్నాం గానీ, 'అండి' చాలక తప్పింది నాదొక్కటే.

ఇన్నేళ్లయింది. ఆ మాట తెలుగో ఒరియానో తేలలేదు. ఎవరిదో అసలే తేలలేదు. ఇప్పుడు ఆలోచించే ఓపిక కూడా లేదు... అయినా కునుకు పట్టే వేళకు అప్పుడప్పుడూ ఆ నిట్టూర్పు గుర్తొచ్చి లేచి కూర్చుంటాను.

పగ మాత్రం తీర్చుకున్నాను. చిన్నదే. ఆ మర్నాటి నుంచి మామ ఎక్కడ కనబడినా... "రండండి మామగారండి. కూర్చోండండి. మంచినీళ్లండి, తాగండండి." కొట్లో, పెళ్లిళ్లలో, నడివీధిలో. నలుగురూ మూతులు మూసుకుని నవ్వేవారు. చివరికి ఒకనాడు ఆయన మా కొట్టు మెట్టు మీద కూలబడి చేతులు జోడించాడు.

"ఒరే, నీకు దండం ఎడతాను. ఒక్కపాలి 'ఏటి మామా' అనరా!"

"అనలేనండి" అన్నాను.