ఊడిపోవాల్సిన బేసు

2000 జూన్‌లో జిల్లా పరిషత్ వ్యాయామ ఉపాధ్యాయుడిగా నాకు మొయినాబాద్ మండలంలోని ఒక హైస్కూలుకు బదిలీ అయింది. అక్కడ పనిచేసిన కాలంలోనే, ఆడేవాళ్ల కాళ్లు విరగకుండా కాపాడే సాఫ్ట్‌బాల్ బేసును ప్రపంచంలో మొట్టమొదటిసారిగా నేను తయారుచేశాను. ఈ మాట నా పదవీ విరమణ సభలో మైకు పట్టుకుని చెప్పాను. ఒక్కరూ కాదనలేదు. అప్పటికే భోజనాలు వడ్డిస్తుండడం అందుకు ఒక కారణం కావచ్చు.

వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి బడిలో పీఈటీ అంటారు. హోదాలో లెక్కల సారు, సైన్సు సారు, చివరికి డ్రాయింగు సారు తర్వాతే మా కుర్చీ. ప్రార్థన వేళ విజిల్ ఊది అందరినీ నిలబెట్టే అధికారం మాత్రం మాదే.

అవి సాఫ్ట్‌వేర్ రోజులు. మాదాపూర్‌లో అద్దాల మేడలు లేస్తుంటే, ఇటు మా గులాబీ తోటల ధరలు వాటితో పోటీ పడి లేచేవి. బడి గోడ మీద సున్నం ఆరకముందే ఎవడో ఒకడు కంప్యూటర్ కోర్సు ప్రకటన రాసిపోయేవాడు. పిల్లల్ని గ్రౌండుకు పంపండి అంటే, ఆటలతో ఉద్యోగం వస్తదా సారూ అని తల్లిదండ్రులు అడిగే కాలం. అయినా ఆడపిల్లలతో సాఫ్ట్‌బాల్ జట్టు ఒకటి కట్టాను. కబడ్డీ, ఖోఖోలకు ప్రతి బడిలోనూ జట్లుంటాయి. సాఫ్ట్‌బాల్‌కు పోటీ తక్కువ కాబట్టి మా పిల్లలు జిల్లా జట్టులోకి ఎక్కే వీలెక్కువ. ఇది పీఈటీలందరికీ తెలిసిన లెక్క.

తెలియనివారి కోసం ఆట గురించి రెండు మాటలు. బంతిని బ్యాటుతో కొట్టి పరుగెత్తాలి. దారిలో మూడు బేసులు, చివర ఇంటి బేసు, ఒక్కోదానికీ మధ్య అరవై అడుగులు. బేసు అంటే మూర కంటే కొంచెం తక్కువ వెడల్పున్న చదరపు దిండు. మొదటి బేసును తొక్కి ముందుకు దూసుకుపోయినా ఫరవాలేదు. రెండో బేసు, మూడో బేసు అట్లా దాటిపోతే బంతి తాకించి ఔట్ చేస్తారు. అందుకని అక్కడికి వచ్చేవాళ్లు వేగం తగ్గించకుండా, కాళ్లు ముందుకు చాచి నేల మీద జారుతూ వచ్చి పాదంతో బేసును తాకుతారు. చూడ్డానికి అందంగా ఉంటుంది. ప్రమాదం కూడా అక్కడే ఉంటుంది.

బేసును నేలకు ఇనుప మేకులతో బిగించడం ఆనవాయితీ. మా బడికి ప్రహరీ లేదు. సాయంత్రం బిగించిన మేకులు పొద్దున్నకు ఉండేవి కావు. ఊళ్లో ఏ దొడ్డి ముందు చూసినా దూడలు మా మేకులకే కట్టేసి కనిపించేవి. విసుగొచ్చి, గుంత తవ్వించి, కోణపు ఇనుప ముక్కలు సిమెంటులో దింపి, వాటికి బేసులను బోల్టులతో బిగించాను. ఏనుగు గుంజినా రాదన్నంత గట్టిగా. తనిఖీకి వచ్చిన అధికారి దాన్ని కాలితో తోసి చూసి, పని అంటే ఇట్లా ఉండాలి అని మెచ్చుకుని పోయాడు.

మరుసటి జనవరిలో, సాధన చేస్తుండగా, తొమ్మిదో తరగతి సుజాత మూడో బేసుకు జారుతూ వచ్చింది. ఎంకపల్లి నుంచి వచ్చే పిల్ల. జట్టులో అందరికంటే వేగంగా ఉరికేది. పాదం బేసు దగ్గర ఆగిపోయింది, ఒళ్లు ఆగలేదు. చీలమండ విరిగింది. చేవెళ్ల దవాఖానకు తీసుకుపోయి పిండికట్టు వేయించాం. బేసు మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు.

జూన్‌లో బడి తెరిచేసరికి సుజాత మామూలుగా నడుస్తోంది, మెల్లగా ఉరుకుతోంది కూడా. పదో తరగతి. ఆ ఏడాది చేవెళ్లలో జరిగే ఎంపికల్లో నెగ్గకపోతే ఇక ఆ పిల్లకు జిల్లా జట్టు లేదు. మాట్లాడదామని వాళ్లింటికి పోయాను. తండ్రి నర్సింహారెడ్డి ఊళ్లో పలుకుబడి ఉన్న రైతు, ఒకప్పుడు వార్డు సభ్యుడు. ఆయన ఏమంటే మిగతా తల్లిదండ్రులూ అదే అనేవారు.

కుర్చీ వేయించాడు, చాయ్ ఇప్పించాడు, ఆ తర్వాత అన్నాడు: "సారూ, మీరు పంపుమన్నరు, పంపిన. కాలు ఇరగ్గొట్టుకొని వచ్చింది. మల్ల గదే ఆటకు పంపుమంటున్నరు. మీ బిడ్డనైతె పంపుతరా?"

తలుపు చాటు నుంచి సుజాత అందుకుంది. "ఇరిగింది నా కాలు గద బాపూ. బుగులు వడితె నేను వడాలె."

"కాలు నీదే బిడ్డా. దవాఖాన్ల రెండు దినాలు గోడకు ఒరిగి కూసున్నది నేను."

నేను లేచి వచ్చేస్తుంటే ఆయనే వాకిలి దాకా వచ్చి చెప్పాడు. "ఆట మీద కోపం లేదు సారూ. ఆ దిండు మీదనే నా కోపం. అది మంచిగైన నాడు రాండ్రి."

అప్పుడు నాకు తట్టిన ఆలోచనే ఈ వ్యాసానికి మూలం. బేసు గట్టిగా ఉండకూడదు, అవసరమైనప్పుడు ఊడిపోవాలి. ఎవరూ చెప్పకుండా, అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచి కనిపెట్టాను అని పదవీ విరమణ సభలో చెప్పాను.

ఇక్కడ కాస్త ఆగాలి. మా మేనల్లుడు శ్రీధర్ మాదాపూర్‌లో ఒక కంపెనీలో పనిచేసేవాడు. కంపెనీ పని మీద కొన్ని నెలలు అమెరికాలో ఉండి వచ్చాడు. ఆదివారం ఇంటికి వస్తే వాడి దగ్గర నా బాధ చెప్పుకున్నాను. వాడు నవ్వి, "అక్కడ దుకాణాల్ల దొరుకుతయి మామా, తగిలితే ఊడొచ్చే బేసులు" అన్నాడు. మరుసటి వారం ఇంటర్‌నెట్ నుంచి నాలుగు కాగితాలు ముద్రించి తెచ్చాడు. బొమ్మలతో సహా అన్నీ ఉన్నాయి. కింద ఒక రబ్బరు పలక నేలలోకి, నేల మట్టానికి దిగి ఉంటుంది. పైన దిండు దానికి గుండీలతో అంటుకుని ఉంటుంది. దెబ్బ తగిలితే గుండీలు విడిపోతాయి. కాబట్టి ప్రపంచంలో మొట్టమొదట అన్నది అబద్ధం. అర్ధరాత్రి ఉలిక్కిపడ్డది కూడా దోమలవల్ల. మా డివిజన్‌లో మొట్టమొదట అంటే మాత్రం ఎవరైనా ఒప్పుకోవాల్సిందే. డివిజన్‌లో సాఫ్ట్‌బాల్ ఆడే బడులు ఎన్ని అని మాత్రం అడగకండి.

అయితే అమెరికా బేసు ధర చూస్తే మా బడి ఆటల నిధి దాని గుండీలకు కూడా చాలదు. మొయినాబాద్‌లో దొరికే వస్తువులతోనే చేసుకోవాలి. ఆ పని మాత్రం నిజంగా నేనే చేశాను.

మొదట బూట్లకు వచ్చే అంటుకునే పట్టీలు, పిల్లలు చర్రుమని లాగి ఆడుకునేవి, వాటిని కుట్టించాను. ఒక్క పూట బాగా పనిచేసింది. తర్వాత పట్టీల నిండా మట్టి, గడ్డి ఈకలు చేరాయి. బేసును తొక్కి మలుపు తిరగబోయిన పిల్ల కాలి కిందనుంచి అది జారిపోయి, ఆ పిల్ల వెల్లకిలా పడింది. అప్పుడు అర్థమైంది చిక్కు ఎక్కడుందో. పైనుంచి తొక్కితే కదలకూడదు. పక్కనుంచి గుద్దితే ఆగకూడదు. రెండూ ఒకే దిండు చేయాలి.

వానాకాలంలో చిల్కూరు నుంచి ఆటోలో వస్తుంటే పక్కన వేలాడే రెగ్జిన్ పరదా నా మోకాలికి కొట్టుకుంటోంది. దాన్ని చట్రానికి బిగించి ఉంచేవి టిచ్ బటన్లు. ఎదురుగాలికి పరదా అంతా ఉబ్బుతోంది కానీ బటన్ ఊడటం లేదు. అంచు దగ్గర వేలు పెట్టి పక్కకు తోస్తే టప్పున విడిపోయింది. మళ్లీ పెట్టాను, మళ్లీ తీశాను. డ్రైవర్ అద్దంలోంచి చూస్తూ, "సార్, దిగేదాంక జర దాన్ని ఇడువుండ్రి, వాన లోపటికొస్తున్నది" అన్నాడు.

మొయినాబాద్‌లో ఆటోలకు సీట్లు కుట్టే యూసుఫ్ భాయ్ దుకాణం ఉండేది. నా బొమ్మ చూపిస్తే అటు తిప్పి ఇటు తిప్పి, "కుడ్త సార్. మీటర్ ఎక్కడ పెట్టమంటరు?" అన్నాడు. లారీ టైరు లోపలి రబ్బరు కోసి కింది పలక చేశాం. పైన తెల్ల రెగ్జిన్ దిండు, లోపల కొబ్బరి పీచు. ఎన్ని బటన్లు పెట్టాలన్నది తేల్చడానికే ఎక్కువ రోజులు పట్టింది. అంచుల పొడవునా పెడితే సిమెంటు బేసుకూ దీనికీ తేడా లేదు. రెండే పెడితే అడుగు వేయగానే మెలిక తిరిగింది. కూరగాయల దళారి దగ్గర వేలాడే కాటా అడిగి తెచ్చి, దాని కొక్కేన్ని దిండు పక్కకు తగిలించి లాగుతూ, ఎంత బరువు దగ్గర విడిపోతుందో చూశాను. చివరికి నాలుగు మూలలా నాలుగు బటన్ల దగ్గర ఆగాం. పలుగు పెట్టి సిమెంటు దిమ్మలు పగలగొట్టించి, రబ్బరు పలకల్ని నేల మట్టానికి పాతిపెట్టాను. పలకను పీకినా దూడను కట్టేయడానికి పనికిరాదు. ఊరివాళ్లు దాని జోలికి రాలేదు.

కబురు పంపితే నర్సింహారెడ్డి ఒక శనివారం సాయంత్రం గ్రౌండుకు వచ్చాడు. వెనకాల మరికొందరు తండ్రులు. దిండును చూశాడు, వేలితో నొక్కాడు.

"గింత మెత్తగున్నది, ఇది ఆగుతదా?"

"ఆగొద్దనే చేసిన నర్సన్నా."

"సుజాతను ఉరకమంటరా ఇప్పుడు?"

"మీరు సరే అంటె."

"నేననను. గంత నమ్మకం ఉంటె మీరే ఉరికి జారుండ్రి సారూ. సూస్త."

అందరూ నవ్వారు. నాకప్పుడు నలభై ఎనిమిదేళ్లు. నేల మీద జారి ఇరవై ఏళ్లు దాటింది. పొట్ట గురించి రాయను. కానీ వెనక్కి తగ్గితే ఆ పిల్ల ఆట అక్కడితో అయిపోయినట్టే. రెండో బేసు దగ్గర నిలబడ్డాను. సుజాత వచ్చి చెవిలో, "సార్, చేతులు కింద పెట్టకుండ్రి, మణికట్టు ఇరుగుతది" అంది. ఆ పాఠం ఆ పిల్లకు నేర్పిందే నేను.

ఉరికాను. మూడో బేసు దగ్గరకొస్తుండగా కళ్లు గట్టిగా మూసుకుని కాళ్లు చాచాను. మిగిలినదంతా దుమ్ము. పిక్క నుంచి నడుము దాకా చర్మం గీరుకుపోయింది, ట్రాక్ ప్యాంటు పక్క కుట్టంతా విడిపోయింది. దుమ్ము తగ్గాక కళ్లు తెరిస్తే, రబ్బరు పలక ఖాళీగా ఉంది. దిండు నాలుగు గజాల అవతల పడి ఉంది. నా కాళ్లు రెండూ కదిలించి చూసుకున్నాను, కదిలాయి. ప్రాణం కుదుటపడింది. నర్సింహారెడ్డి నా పక్కనే ఒంటి చెప్పుతో నిలబడి ఉన్నాడు. నన్ను లేపడానికి ఉరికొస్తుంటే రెండో చెప్పు ఊడిందనుకున్నాను. చేయి అందించి లేపాడు.

"పంపుత సారూ," అన్నాడు. "గని ఈ దిండు మీదనే. చేవెళ్లల వేరేది ఉంటె వాపస్ తోలుకొస్త."

ఎంపికల రోజు రబ్బరు పలకలతో సహా మూడు బేసులూ ఆటో వెనక సీట్లో పెట్టుకుని చేవెళ్ల పోయాను. ఎంపికల బాధ్యుడు, నాకంటే సీనియర్ అయిన ఫిజికల్ డైరెక్టరు, దిండును ఊడదీసి చూసి, "ఇది ఊడిపోతే ఉరికే పిల్ల ఔటా, కాదా? గొడవలైతయి" అన్నాడు. నియమావళి తెరిచి చూపించాను. క్షేమంగా చేరిన తర్వాత బేసు కదిలితే ఆడేవాళ్లు ఔట్ కారు. ఆయన రెండుసార్లు చదివి, సరే బిగించండి అన్నాడు.

మూడో ఆటలో సుజాత రెండో బేసు నుంచి మూడో బేసుకు కదిలింది. బంతి కూడా అటే వచ్చింది. గీత అవతల నర్సింహారెడ్డి లేచి నిలబడ్డాడు. పిల్ల జారింది. టప్పుమని నాలుగు బటన్లూ విడిపోయాయి, దిండు ఎగిరి పక్కకు పడింది. అంపైర్ చేతులు అడ్డంగా చాచాడు. ఔట్ కాదు. సుజాత లేచి, రెండు కాళ్ల మీద గంతులు వేసి, తండ్రి వైపు చూసింది. ఆయన కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. ఆ ఏడాది మొత్తంలో నాకు అంత మంచి ఊపిరి ఆడిన క్షణం ఇంకొకటి లేదు.

సుజాత రాష్ట్ర జట్టుకు ఆడింది అని అందరికీ చెబుతుంటాను. ఆడింది జిల్లా జట్టుకే. రాష్ట్ర జట్టు ఎంపికకు పిలిచారు, అంతవరకు నిజం.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఒకటే. ఆటస్థలంలో దేన్నైనా బిగించే ముందు, పిల్లలు వచ్చి దాన్ని గుద్దుకుంటే ఏది ముందు విడిపోతుందో చూసుకోవాలి. ఎముక ముందు విడిపోయేటట్టుంటే ఆ బిగింపు తప్పు. తనిఖీ అధికారి మెచ్చుకున్నా తప్పే.

ఉపాధ్యాయుల పత్రికకు పంపే ముందు దీన్ని సుజాతకు పంపాను. ఇప్పుడు తనూ పీఈటీయే, దొంతన్‌పల్లి వైపు ఒక బడిలో పనిచేస్తోంది. చదివి ఫోన్ చేసింది.

"అంత మంచిగనే రాసిండ్రు సార్. గని మీరు బేసు దాంక రానే లేదు. రెండడుగుల ఇవతలనే ఆగిపోయిండ్రు. కండ్లు మూసుకుంటిరి, మీకెట్ల తెలుస్తది? మా బాపు వచ్చి, చెప్పు ఇడిచి, ఉత్త కాలుతోని ఆ దిండును గట్టిగ తన్నిండు. అది ఎగిరి పడ్డది. తన కాలు ఒకసారి సూసుకున్నడు. గప్పుడే పంపుత అన్నడు. మీరు జారుడు సూసి కాదు."